అసలుతో సరిచూడబడినది

నీలిపూడి మిషన్ ఆసుపత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా లేయమ్మ పంచిపెట్టిన ఓదార్పు మొత్తం నకలేనని ఆ ఏడు జూలై పన్నెండో తేదీన సంయుక్త సువార్త మహామండలి ఆఫీసువారు కనిపెట్టారు. అంతవరకూ ఆ సంగతి ఎవరికీ తెలియదు. ఆ ఓదార్పు పుచ్చుకున్నవాళ్ళకు బొత్తిగా తెలియదు. వాళ్ళలో కొందరు జబ్బు నయమై ఇళ్ళకు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు ఆసుపత్రి వెనక సమాధుల దొడ్డిలో ఉన్నారు గనక వాళ్ళ వాంగ్మూలం తీసుకోవడం కుదరలేదు.

లేయమ్మది బైబిలు స్త్రీ ఉద్యోగం. అంటే రోగుల మంచాల పక్కన కూర్చుని వాక్యం వినిపించి, కథలు చెప్పి, ప్రార్థన చేసి లేచిరావడం. వార్డుల్లో ఆమెను బైబిలమ్మగారు అంటారు. ఆపరేషను ముందురోజు క్రైస్తవులే కాదు, అన్ని కులాలవాళ్ళూ, సాయిబులూ కూడా ఆమెను పిలిపించుకుంటారు. ఆమె చెప్పే రూతు కథలో అత్తాకోడళ్ళు నీలిపూడి సంతకు వచ్చే అత్తాకోడళ్ళే. యోనాను మింగిన చేప మన ఉప్పుటేట్లో పడే పండుగప్పే, కాకపోతే కాస్త పెద్దది.

ఆమె ఒళ్ళో ఎప్పుడూ అత్తగారి బైబిలు ఉండేది. ముందు అట్ట ఊడిపోయి మొదటి పేజీలు దారాలకు వేలాడుతుండడంవల్ల దాన్ని వెనకవైపు నుంచే తెరిచేది. తెరిచి, కుడిపక్కనున్న మంచం వైపు నుంచి తనవైపుకు మెల్లగా వేలు జరుపుతూ చెప్పుకుపోయేది. అప్పుడప్పుడు పేజీ తిప్పేది.

ఇందులో ఒక రహస్యం ఉంది. లేయమ్మకు చదవడం రాదు. పెళ్ళయిన కొత్తలో, అత్తగారు ఇవే వార్డుల్లో చదువుతూ తిరుగుతుంటే సంచీ మోస్తూ ఆవిడ వెంట తిరిగింది. తొమ్మిదేళ్ళలో విన్నదంతా తలలో పెట్టుకుంది. ఒకసారి విన్న మాట ఆ తలలోంచి జారిపోవడమన్నది లేదు. అత్తగారు పోగానే సంచీ, పుస్తకం, ఉద్యోగం మూడూ ఆమెకే వచ్చాయి. చదవడం వచ్చునా అని అడగాలని ఎవరికీ తోచలేదు. అడక్కుండా చెప్పడానికి లేయమ్మ వెర్రిదీ కాదు.

మరి ముప్ఫై ఏళ్ళు చెల్లిన ఓదార్పు ఒక్కరోజులో నకలెలా అయిందంటారా? మహామండలి అధ్యక్షులు రెవరెండ్ డాక్టర్ ప్రకాశభూషణంగారు పది రోజులు పరిశుద్ధ దేశ యాత్ర చేసివచ్చారు. అక్కడ బస్సులో గైడు ఈయన చేతిలోని తెలుగు బైబిలు చూసి అది ఏ భాష అని అడిగాడట. చెబితే, "ఓహో, అనువాదమా" అన్నాడట. అంతకుమించి ఏమీ అనలేదు. ప్రకాశభూషణంగారికి ఆ పూట అన్నం సయించలేదు. తిరిగివస్తూ ఒక ఒలీవ చెక్క ఒంటెను, ఒక సీసా యొర్దాను నీళ్ళను, ఒక హెబ్రీ బైబిలును, హెబ్రీ అక్షరాలున్న గుడ్డపటాన్ని తెచ్చుకున్నారు. ఆ పటాన్ని ఆఫీసు గోడకు తగిలించబోతే ఏది పైనో, ఏది కిందో ఎవరికీ అంతుపట్టలేదు. కుట్టు ఉన్న వైపే పైన అని చేతులెత్తి తీర్మానించారు.

కార్యవర్గ సమావేశంలో అధ్యక్షులవారు లేచి, "ప్రియులారా, నూటయాభై సంవత్సరములుగా మనము మూలమును విడిచి తర్జుమాను పట్టుకుని వేలాడుచున్నాము. నేటినుండి ఈ మహామండలి హెబ్రీలో శ్వాసించును" అని ప్రకటించారు. అందరూ హల్లెలూయ అన్నారు. ఆ ఒక్క మాటా తమకు అప్పటికే హెబ్రీలో వచ్చునన్న సంగతి వాళ్ళలో ఎవరికీ తట్టలేదు.

ఆ శ్వాస అక్కడితో ఆగిపోవలసిందే. ఇలాంటి ప్రకటనలు ఏడాదికి రెండు వస్తాయి, టీలు తాగేసరికి ఆవిరైపోతాయి. కాని సెక్రటరీ జయకర్‌గారు రిజిస్ట్రేషన్ శాఖలో ముప్ఫైనాలుగేళ్ళు పనిచేసి సూపరింటెండెంటుగా రిటైరైన మనిషి. ఆయన లెక్కలో ఈ లోకంలో కాగితాలు రెండే రకాలు. ఒకటి అసలు, రెండోది నకలు. నకలు కావడం నేరమేమీ కాదు. అయితే ఒక గుమాస్తా నకలును పైకి చదువుతుంటే, ఇంకొక గుమాస్తా అసలును చేత్తో పట్టుకుని వరుస వెంట వరుస చూసుకుంటూ పోవాలి. చివర రెండోవాడు "సరిపోయింది" అనాలి. అప్పుడు ముద్ర పడాలి. ముద్ర లేని నకలును పట్టుకుని ఆయన ఆఫీసుకు వచ్చిన మారాజులు కూడా వరండాలో కూర్చున్నారు.

జయకర్‌గారు లేచి వినయంగా అధ్యక్షులవారిని ఒకే ప్రశ్న అడిగాడు. తెలుగు బైబిలు అసలా, నకలా? నకలే అన్నారు అధ్యక్షులు. సరిచూసి ముద్ర వేశారా? లేదన్నారు. మనుషులు పుట్టినప్పుడు, పెళ్ళాడినప్పుడు, పోయినప్పుడు తరతరాలుగా సరిచూడని నకలు మీద పని జరిగిపోతోందన్న మాట గదిలో నిలబడింది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పుట్టలో వేలు పెట్టాక తీయడం ఎవరి తరం?

వారం తిరక్కుండా రెండు రబ్బరు ముద్రలు తయారయ్యాయి. ఒకదాని మీద "నకలు - అసలుతో సరిచూడవలసి ఉన్నది" అని ఉంది. రెండోదాని మీద "అసలుతో సరిచూడబడినది" అని ఉంది. మండలి సభ్యులందరూ తమ బైబిళ్ళను ఆఫీసుకు తెచ్చి ముద్ర వేయించుకోవాలని సర్క్యులరు వెళ్ళింది. నెలరోజుల్లో మొదటి ముద్ర అరిగిపోయింది. రెండోది పెట్టెలోనే ఉంది, ఎందుకంటే సరిచూసే అర్హత ఉన్నవాడు మండలిలో ఒక్కడూ లేడు.

రెండో సర్క్యులరు ప్రకారం ముద్ర పడని పాత నిబంధనను ప్రసంగించే పుల్పిట్ మీద నుంచి చదవరాదు. కొత్త నిబంధన సంగతేమిటని కొత్తూరు సంఘ కాపరి ఏలీయా అయ్యగారు రాసి అడిగారు. అది గ్రీకు వ్యవహారమనీ, గ్రీకు పరిశీలనలో ఉన్నదనీ, అంతవరకు యథాతథ స్థితి కొనసాగుననీ జవాబు వచ్చింది. అయితే కొత్త నిబంధనలో పాత నిబంధన మాటలు ఎక్కడ వస్తే అక్కడ ఆ మాటలు చదవడానికి పట్టేంతసేపు మౌనం పాటించాలి. ఒక ఆదివారం ఏలీయా అయ్యగారు నలభై నిమిషాల ప్రసంగంలో పదిహేడు నిమిషాలు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన ప్రసంగాలన్నింటిలో అదే మెరుగని సంఘంలో చెప్పుకున్నారు.

మూడో సర్క్యులరుతో, సరిచూడని వాక్యం మీద జరిగిన పెళ్ళిళ్ళన్నీ తాత్కాలికమని తేలింది. తాపీమేస్త్రి సంసోను భార్య నీలాంబరమ్మ పనిగట్టుకుని ఆఫీసుకు వచ్చి, ఇరవై తొమ్మిదేళ్ళ కాపురం కూడా తాత్కాలికమేనా అని అడిగింది. అవునన్నారు. ఆ ముక్క కాగితం మీద రాసిమ్మంది. రాసిచ్చారు. దాన్ని వంటింటి గోడకు అంటించింది. ఆనాటినుంచి సంసోను తన కంచం తానే కడుక్కుంటున్నాడు.

నాలుగోది లేయమ్మ మీద పడింది. ఆసుపత్రిలో ఓదార్పు చెప్పేవారు హెబ్రీ పరీక్ష ప్యాసై సర్టిఫికెట్ పొందాలి. పొందేవరకు ఓదార్పు నిలుపుదల. లేయమ్మ వార్డు పాసును వెనక్కి ఇమ్మన్నారు.

ఆమె పాసు చేత్తో పట్టుకుని జయకర్‌గారి బల్ల ముందు నిలబడింది. ఆయన చెడ్డవాడు కాదు. కుర్చీ చూపించి, ఇది ఎవరిమీదా కక్షతో చేసింది కాదని చెప్పాడు. ఆమె పుస్తకం తీసుకుని, ఉన్న ఒక్క అట్ట మీద ముద్ర వేయడానికి మొదటి ముద్ర కోసం వెతికాడు. అది అరిగి బాగుచేతకు వెళ్ళిందట, అందుకని పుస్తకాన్ని ముద్ర లేకుండానే తిరిగి ఇచ్చాడు.

"సెక్రటరీగారండి, ఆరో నంబరు మంచం మీద గమలియేలు మాస్టారున్నారండి. ఆయనకి మాటిచ్చేనండి" అంది లేయమ్మ.

గమలియేలు మాస్టారు వేదాంత కళాశాలలో నలభై ఏళ్ళు హెబ్రీ చెప్పి రిటైరయ్యారు. ఆఖరి ఏడు ఆయన తరగతిలో ఇద్దరే విద్యార్థులు, వాళ్ళలో ఒకడు పొరపాటున చేరాడు. ఇప్పుడు ఆయనకు ఎనభై రెండు. చూపు పోయింది. గుండె ఎప్పుడాగేదీ చెప్పలేమని డాక్టరుగారు అన్నారు. రోజూ సాయంత్రం నాలుగింటికి లేయమ్మ ఆయనకు కొండల కీర్తన చెప్పేది. కొండల వైపు కళ్ళెత్తి చూసే మనిషిని గురించీ, కునుకు తీయని కాపలాదారుణ్ణి గురించీ ఉన్న చిన్న కీర్తన అది. ఆఖరి గడియలో పక్కన ఉండి అదొక్కటీ చెప్పమని ఆయన అడిగారు. చెబుతానంది. ఇచ్చిన మాట అదే.

జయకర్‌గారు అంతా విన్నాడు. సర్టిఫికెట్ వచ్చాక చెప్పవచ్చన్నాడు.

"మరి ఆయనకి హెబ్రీ వచ్చుకదండీ. ఆయన్నే అడిగి ముద్రలన్నీ ఏసేసుకోవచ్చు కదండీ."

"ఆయన దరఖాస్తు చేసుకోలేదమ్మా" అన్నాడు జయకర్‌గారు. "పైగా ఆయన నేర్చుకున్నది మా హెబ్రీ ఉపసంఘం ఏర్పడకముందు. అప్పటి హెబ్రీ మా పరిధిలోకి రాదు."

లేయమ్మ ఆసుపత్రికి వచ్చి మేట్రన్ వినోదిని సిస్టరు దగ్గర కూర్చుంది. కళ్ళు తుడుచుకుంది గాని ఏడవలేదు. వినోదిని సిస్టరు సర్క్యులరు తీసి రెండుసార్లు చదివింది. నిలుపుదల చేసింది ఓదార్పును. చదువును కాదు. లేయమ్మ మాస్టారి దగ్గర హెబ్రీ నేర్చుకునే విద్యార్థినిగా సందర్శకుల వేళల్లో రావచ్చు. కాని వార్డులో తెలుగు వాక్యం ఒక్క ముక్క వినబడినా తన ఉద్యోగం పోతుందని చెప్పింది. లేయమ్మ సరేనంది.

సంగతి విని మాస్టారు నవ్వారు. నెలరోజుల్లో ఆయన నవ్వడం అదే మొదలు.

"నువ్వా లేయమ్మా? హెబ్రీయా?"

"ఆయ్. ఆ కొండల కీర్తన ఒక్కటీ చెప్పండి మాస్టారండీ, చాలు."

"మరి నీకు తెలుగే చదవడం రాదు కదూ."

లేయమ్మ చటుక్కున లేచి నిలబడింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో కళ్ళున్న డాక్టర్లు, నర్సులు, అయ్యగార్లు ఒక్కరూ పోల్చని సంగతి అది.

"కంగారుపడకు" అన్నారు మాస్టారు. "గుడ్డివాడికి కాగితం చప్పుడు బాగా వినబడుతుంది. ఆ కీర్తన చెబుతూ మూడుసార్లు పేజీ తిప్పావు. అది అరపేజీ కూడా ఉండదే. నాకు కావలసింది పేజీ కాదులే."

చదువు మొదలైంది. ఆయన ఒక వరుస చెప్పడం, ఆమె తిరిగి చెప్పడం. గొంతులోంచి తెచ్చే శబ్దం ఒకటి ఆమెకు రెండు రోజులు లొంగలేదు. చేపముల్లు గొంతుకు అడ్డం పడితే ఎలా కక్కుతావో అలా అనమన్నారు. మూడోనాడు పట్టుకుంది. పదకొండో రోజుకు కీర్తన మొత్తం వచ్చేసింది. నలభై ఏళ్ళలో తనకు ఇంత మంచి విద్యార్థి దొరకలేదని ఆయన సిస్టరుతో చెప్పారు.

ఆఖరి రోజు లేయమ్మ ఒక మాట అడిగింది. అసలు మాటలే ఆయనకు నోటికి వచ్చినప్పుడు, తన తెలుగుతో ఆయనకేం పని?

"హెబ్రీలో అనుకుంటే అది నాకు పాఠంలాగానే వినబడుతుంది లేయమ్మా. ప్రతి మాట దగ్గరా ఆగి, పిల్లలకి ఎలా చెప్పాలా అని చూసుకుంటాను. చిన్నప్పుడు జ్వరం వస్తే మా అమ్మ తెలుగులో చెప్పేది" అన్నారు మాస్టారు. అప్పుడామె ఆ కీర్తనను తెలుగులో చెప్పలేకపోయింది. తలుపు దగ్గర సిస్టరు నిలబడి ఉంది.

పరీక్ష మహామండలి హాలులో జరిగింది. పరీక్షాధికారులు ముగ్గురు. అధ్యక్షులవారు, జయకర్‌గారు, మూడురోజుల ఆన్‌లైన్ కోర్సు చేసి శిక్షకుడైన బ్రదర్ సుందరరావు. ముగ్గురికీ హెబ్రీ రాదు గనక, తెలియని దానికి మార్కులు వేయడం న్యాయం కాదని జయకర్‌గారు ముందే వాదించి, తెలిసినవాటికే మార్కులు కేటాయించాడు. హెబ్రీ కుడి నుంచి ఎడమకు నడిచే భాషన్న సంగతి ముగ్గురికీ తెలుసు. పుస్తకాన్ని కుడివైపు నుంచి తెరచుటకు నలభై. వేలిని కుడి నుంచి ఎడమకు నడుపుటకు ముప్ఫై. గాంభీర్యమునకు ఇరవై. ఉచ్చారణకు పది.

అందులో పాపం జయకర్‌గారి తప్పేమీ లేదు. గుర్రం దొరక్కపోతే కళ్ళేనికే పరీక్ష పెడతారు.

కాపరులకూ ఆ సర్టిఫికెట్ తప్పనిసరి చేయడంతో నలభై ఒక్కమంది కూర్చున్నారు. ఇరవై ముప్ఫై ఏళ్ళుగా బైబిలును ఎడమవైపు నుంచి తెరిచిన చేతులు అవి. ఇంటి దగ్గర ఎంత సాధన చేసినా, బల్ల ముందుకు రాగానే వేలు తడి చేసుకుని ఎడమవైపు నుంచే తెరిచాయి. ఏలీయా అయ్యగారైతే కుడివైపు నుంచి తెరవబోయి, చేతులు తడబడి, పుస్తకాన్ని కింద పడేశారు. గాంభీర్యంలో కూడా సున్నా వచ్చింది. నలభై ఒక్కమందీ తప్పారు.

చివరికి లేయమ్మ వచ్చింది. హెబ్రీ పుస్తకం చేతికిచ్చారు. అది అత్తగారి పుస్తకంకన్నా బరువుగా ఉంది. అలవాటు ప్రకారం వెనక అట్ట వైపు నుంచి తెరిచింది. అలవాటు ప్రకారం కుడి నుంచి తనవైపుకు వేలు జరిపింది. మాస్టారు చెప్పినట్టే కొండల కీర్తన మొత్తం చెప్పింది. మధ్యలో ఒక పేజీ కూడా తిప్పింది. అధ్యక్షులవారు ముందుకు వంగి కళ్ళు మూసుకున్నారు. బ్రదర్ సుందరరావు మటుకు ఆఫీసు నుంచి తెచ్చి గోడకు తగిలించిన పటం వైపు చూస్తూ, ఉచ్చారణ మన పటానికి చాలా దూరంగా ఉందని పెదవి విరిచాడు. పదికి నాలుగు వేశాడు. తక్కినవాటిలో తొంభైకి తొంభై వచ్చాయి.

మొదటి సర్టిఫికెట్ లేయమ్మదే. శాలువా కప్పబోతుంటే ఆమెకు మనసొప్పలేదు. జయకర్‌గారి దగ్గరకు వెళ్ళి, తనకు చదవడం రాదని నెమ్మదిగా చెప్పేసింది.

ఆయన ఉలిక్కిపడి నిబంధనల ఫైలు తీశాడు. మొదటినుంచి చివరిదాకా చూశాడు. "చదవడం గురించి ఎక్కడా లేదమ్మా" అన్నాడు తేలికపడి. "ఫారంలో ఆ కాలమ్ పెట్టనేలేదు."

ఇంతలో అధ్యక్షులవారు ఆమె సర్టిఫికెట్ కింది షరతును పైకి చదివి వినిపించారు. సర్టిఫికెట్ పొందినవారు ఇకపై హెబ్రీలోనే ఓదార్చవలెను. అసలు చేత ఉండగా నకలు వాడుట క్రమశిక్షణారాహిత్యముగా పరిగణించబడును. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. మాస్టారి కోసం హెబ్రీ నేర్చుకున్న లేయమ్మకు ఇప్పుడు మాస్టారికి తెలుగు చెప్పే దారి పూర్తిగా మూసుకుపోయింది.

సోమవారం నుంచి నీలిపూడి ఆసుపత్రిలో అసలు ఓదార్పు ప్రారంభమైంది. ఆడవాళ్ళ వార్డులో లేయమ్మ మొదటి వరుస చెప్పేసరికి గర్భసంచి ఆపరేషనుకు వచ్చిన సుభద్రమ్మ బావురుమంది. డాక్టర్లు తమలో తాము ఇంగ్లీషులోకి దిగితే జబ్బు ముదిరినట్టని ఆ వార్డులో అందరికీ తెలుసు. బైబిలమ్మగారే తెలియని భాషలోకి దిగిందంటే ఇక చెప్పేదేముంది? సుభద్రమ్మ మొగుణ్ణి పిలిపించి పిల్లల్ని అప్పగించింది. ఓదార్పు రిజిస్టరులో "రోగి మిక్కిలి కదిలింపబడెను" అని రాశారు.

గురువారం మూడున్నరకు మాస్టారికి ఆయాసం హెచ్చింది. వినోదిని సిస్టరు లేయమ్మకు కబురు చేసింది. ఆఫీసుకు కూడా చేయవలసి వచ్చింది, ఎందుకంటే తుదిగడియ ఓదార్పుకు అధికారులు హాజరై నమోదు చేయాలని ఐదో సర్క్యులరు ఉంది. అధ్యక్షులవారూ, రిజిస్టరూ ముద్రల సంచీ పట్టుకుని జయకర్‌గారూ వచ్చారు. మండలి చరిత్రలో ఇది తొలి సందర్భమని అధ్యక్షులవారు మంచం దగ్గర నిలబడి రెండు మాటలు మాట్లాడబోతే, సిస్టరు ఆయనకు స్టూలు వేసి కూర్చోబెట్టింది.

లేయమ్మ ఎడమపక్కన కూర్చుంది. అత్తగారి బైబిలు ఒళ్ళో పెట్టుకుంది. మాస్టారి చెయ్యి చల్లగా ఉంది. ఆమె హెబ్రీలో కీర్తన మొదలుపెట్టి, ఒక్క పొల్లు పోకుండా చివరిదాకా చెప్పింది. జయకర్‌గారు సమయం రాసుకున్నాడు.

మాస్టారు కళ్ళు తెరవలేదు. "బాగా వచ్చింది లేయమ్మా" అన్నారు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకున్నారు. "పాఠం అయిపోయింది. ఇప్పుడు చెప్పు."

ఆమెకు అర్థమైంది. అందరికీ అర్థమైంది. జయకర్‌గారు గొంతు సవరించుకుని, "అమ్మా, అసలు చేతిలో ఉండగా..." అన్నాడు.

లేయమ్మ ఆయన వైపు చూడలేదు. ఒళ్ళోని బైబిలును తీసి మాస్టారి పక్కలో పెట్టింది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మొదటిసారి పుస్తకం తెరవకుండా, వేలు జరపకుండా, పేజీ తిప్పకుండా చెప్పడం మొదలుపెట్టింది. నీలిపూడి చుట్టుపక్కల ఎక్కడా కొండల్లేవు. అయినా ఆమె కొండలనగానే వార్డులోవాళ్ళు కిటికీ వైపు చూశారు. సాయం ఎక్కడనుంచి వస్తుందో చెప్పింది. కాలు జారనివ్వనివాణ్ణి గురించి చెప్పింది. పగటి ఎండా రాత్రి వెన్నెలా ఏమీ చేయలేవని చెప్పింది.

ఆమె ఒక వరుస చెప్పేసరికి మాస్టారి పెదవులు కదులుతున్నాయి. శబ్దం రావడం లేదు. ఆమె ఆగితే ఆగుతున్నాయి, సాగితే సాగుతున్నాయి. రిజిస్టరులో రాస్తున్న జయకర్‌గారి కలం ఆగిపోయింది. ఆ పని ఆయనకు తెలుసు. ముప్ఫైనాలుగేళ్ళు చేయించిన పని అది. ఇక్కడ ఒక మనిషి నకలును పైకి చదువుతోంది. ఇంకొక మనిషి అసలును పట్టుకుని వరుస వెంట వరుస చూసుకుంటూ వస్తున్నాడు.

వెళ్ళడంలోనూ రావడంలోనూ తోడుంటాడన్న ఆఖరి మాట ఆమె చెప్పింది. మాస్టారి పెదవులు కూడా అక్కడికి వచ్చి ఆగాయి.

"సరిపోయింది" అన్నారు మాస్టారు.

ఆ తరవాత ఆయన ఇంకేమీ అనలేదు. సిస్టరు వంగి చూసి, దుప్పటి సర్దింది. లేయమ్మ అప్పుడు ఏడ్చింది, ఆపుకోకుండా.

అధ్యక్షులవారు లేచి, ఆమె ఇప్పుడే చేసిన అతిక్రమణను నమోదు చేయమని జయకర్‌గారితో అన్నారు. జయకర్‌గారికి వినబడిందో లేదో తెలియదు. ఆయన సంచీ తెరిచి, పెట్టెలోంచి రెండో ముద్ర తీశాడు. దాని రబ్బరుకు ఇంకా కొత్త పౌడరు అంటుకుని ఉంది. పక్కలో ఉన్న బైబిలును తీసుకుని, ఉన్న ఒక్క అట్టను తువ్వాలుతో తుడిచి, ముద్ర వేసి, ఊదాడు.

"సరిచూసినవాడికి సర్టిఫికెట్ లేదే" అన్నారు అధ్యక్షులు.

"సరిపోయింది అన్నాడండి" అన్నాడు జయకర్‌గారు. "అన్నాక ముద్ర వేయకపోవడం మా శాఖలో లేదండి."

తరవాత దాని మీద మూడు సమావేశాలు జరిగాయి. లేయమ్మ సర్టిఫికెట్ రద్దయింది. ముద్రను మటుకు రద్దు చేయలేకపోయారు. వేయడానికి ముద్ర ఉంది గాని తీయడానికి లేదు. ఎనిమిది వచనాలు సరిచూస్తే పుస్తకమంతటికీ చెల్లుతుందా అని ప్రశ్న వచ్చింది. ముద్ర అట్ట మీద ఉన్నదనీ, అట్ట పుస్తకమంతటినీ కప్పుననీ జయకర్‌గారు రాసి పెట్టాడు. అందుచేత మహామండలి పరిధిలో నేటికీ చెల్లుబాటయ్యే తెలుగు బైబిలు ఒక్కటే. మిగతావాళ్ళ పెళ్ళిళ్ళు తాత్కాలికంగానే సాగుతున్నాయి. తన కాగితాన్ని ఎవరూ మార్చనక్కరలేదని నీలాంబరమ్మ అర్జీ పెట్టుకుంది.

మాస్టారు పోయిన మర్నాటి నుంచే, ముద్ర పడిన పుస్తకాన్ని ఆపే సర్క్యులరు లేదు గనక, లేయమ్మ మళ్ళీ తెలుగు పుస్తకంతో వార్డులోకి వచ్చింది. సుభద్రమ్మ ఆపరేషను అయి, మత్తు దిగి, మొగుడికి అప్పగించిన పిల్లల్ని తిరిగి పుచ్చుకుంది. ఆమె మంచం పక్కన కూర్చుని లేయమ్మ పుస్తకం వెనకనుంచి తెరవబోయి, అట్ట మీద నీలంగా ఉన్నదాన్ని వేలితో తడిమింది. ఇదేమని రాసి ఉందని వినోదిని సిస్టరును అడిగింది. సిస్టరు చదివి చెప్పింది.

"ఓస్, అదా" అంది లేయమ్మ. "ఆ ముక్క మాస్టారు అప్పుడే చెప్పేరు కదండీ."

అని, రూతు కథ మొదలుపెట్టింది.